గడ్డం ఎత్తి చూపిన హద్దు

ముందు పోయినవాటి లెక్క. క్రోటన్లు మూడు వందల పది. గులాబీ అంట్లు రెండు వందల ఇరవై. మనీప్లాంటు కుండీలు నూట ఇరవై ఎనిమిది. అరేకా పామ్‌లు తొంభై నాలుగు. రబ్బరు మొక్కలు నలభై ఆరు. మొత్తం ఏడు వందల తొంభై ఎనిమిది. ఇవి కాక సిమెంటు తొట్లు రెండు, నూట అరవై అడుగుల బోరు ఒకటి, నీడకు కట్టే పచ్చ నెట్టు మూడు చుట్టలు, గేటు దగ్గర ఉండే కుక్క ఒకటి. కుక్క చావలేదు, ఎటో వెళ్లిపోయింది. అయినా దాన్నీ పోయినవాటి కిందే రాసుకున్నాను.

ఈ లెక్క వేసింది మొక్కలన్నీ ఎండిపోయాక. బతికుండగా లెక్కపెడితే దిష్టి తగులుతుందని వాటిని పెంచినామె ఒప్పుకోలేదు.

ఆ కాగితం ఇన్నేళ్లూ ఎవరికీ చూపించలేదు. మొన్న నార్సింగి దాటాక రోడ్డు పక్కన ఒక నర్సరీలో ఆగాను. తులసి మొక్కలు ఎక్కడున్నాయని అడిగితే అక్కడి మనిషి చెయ్యి కదపకుండా గడ్డం ఎత్తి చూపించాడు. నేను అటు చూడలేదు, అతన్నే చూస్తూ నిలబడిపోయాను. వేలు పెట్టి చూపించరా అని అడిగాను. "మొక్కలకు ఏలు సూపొద్దని మా పెద్దమ్మ మస్తు తిడుతుండె సార్" అన్నాడు. పెద్దమ్మ ఎవరని అడిగాను. ఆమే. పోయిన ఆషాఢంలో పోయిందట. జ్వరం మూడు రోజులే ఉందట. తులసి కొనకుండా వచ్చేశాను.

అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. గుంటూరు వైపు రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసే ఒకాయన దగ్గర ఎనిమిదేళ్లు పనిచేసి, విసుగొచ్చి మాదాపూర్ వచ్చాను. గుండ్రటి అద్దాల మేడ అప్పుడే లేచింది. చుట్టూ ఇంకా బండలు, సీతాఫలం పొదలు, మేకలు. ఆ మేడకు ఎదురు సందులో ఒక గది కిరాయికి తీసుకుని కంప్యూటరు, మోడెం, డాట్ మాట్రిక్స్ ప్రింటరు పెట్టాను. వెబ్‌పేజీ చేయడం నాకెవరూ నేర్పలేదు. జిరాక్సు తీయించుకున్న పుస్తకం ఒకటి, పద్దెనిమిది రోజులు. బయట బోర్డు రాయించాను: మీ దుకాణం ఇంటర్నెట్‌లో. నాలుగు నెలల్లో ముగ్గురొచ్చారు. మూడో మనిషి ఆమె.

ఆమెకు ఊరి చివర నర్సరీ ఉండేది. ఆఫీసులకు కుండీలు కిరాయికి ఇవ్వాలని గేటు గేటుకూ తిరిగింది. ఒక ఆఫీసులో గుమాస్తా ఎవరో, వెబ్‌సైట్ ఉందా అమ్మా అని అడిగాడట. అదేదో లైసెన్సు అనుకుంది. నా గదిలోకి వచ్చి గడపలోనే నిలబడి, ఆ కాగితం ఏ ఆఫీసులో ఇస్తారు, సంతకం కావడానికి ఎన్ని దినాలు పడుతుంది అని అడిగింది. అది కాగితం కాదని, ఎవరైనా ఎక్కడినుంచైనా చూడగలిగే బోర్డులాంటిదని చెప్పాను. ఆమె ముఖంలో రంగు మారింది. "ఎవలైనా అంటె?" అంది. ఎవరైనా అన్నాను. వెళ్లిపోయింది. ఆరు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది, ఈసారి కూడా గడపలోనే నిలబడి, మొక్కల బొమ్మలు పెట్టుకో, నా బొమ్మ పెట్టకు అంది.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. ఎప్పుడు వెళ్లినా రేకుల షెడ్డు గుంజకు ఆనుకుని, ముఖం గేటువైపు పెట్టి కూర్చుని ఉండేది. గేటుకు వీపు పెట్టి కూర్చోగా నేను చూడలేదు. ఎవరు ఏ కాగితం ఇచ్చినా చేత్తో అందుకునేది కాదు. కింద పెట్టమని, దాని మీద ఒక రాయి ఉంచి, చదివి చెప్పేవాళ్లు వచ్చేదాకా దానికి కాస్త ఎడంగా తిరిగేది. వచ్చేవాళ్లను కాళ్లను బట్టి పోల్చుకునేది. "చెప్పులోళ్లు కొంటరు, బూట్లోళ్లు అడుగుతరు" అనేది. బూట్ల చప్పుడు వినిపిస్తే పనిచేస్తున్న చేతులు ఆగిపోయేవి.

కొనేవాళ్లకు మొక్కలు ఇచ్చేటప్పుడు మాత్రం లెక్క పైకి చెప్పేది, అదీ ధాన్యం కొలిచేవాళ్లలా: లాభం, రెండు, మూడు. తన దగ్గర ఎన్ని ఉన్నాయని అడిగితే "ఉన్నయి తియ్" అనేది. నేను ఊరికే ఉండలేను, కళ్లతోనే వరసలు లెక్కపెడుతుంటే పసిగట్టేది. "ఏంది పంతులూ, పెదిమెలు కదులుతున్నయ్" అని మట్టి పెళ్ల ఒకటి నా కాళ్ల దగ్గరికి విసిరేది. లెక్కల పంతులు అని పేరు పెట్టింది. నేను అక్కా అనేవాణ్ని.

అన్నిటికీ భయపడే ఈ మనిషి ఒక్క విషయంలో వేరు. రోజూ మధ్యాహ్నం చుట్టుపక్కల బండలు పేల్చేవాళ్లు. ముందు ఈల వేసి ఎర్రగుడ్డ ఊపేవాళ్లు. ఈల వినపడగానే అందరం గోడల చాటుకు పరిగెత్తేవాళ్లం. ఆమె తడి గోనెపట్టాలు తీసుకుని గులాబీ అంట్ల మీద కప్పుకుంటూ పోయేది. ఆమె తల మీద కొంగు తప్ప ఏమీ ఉండేది కాదు. ఒకసారి రేకుల కింద నక్కి, ఇటు వచ్చేయండి అక్కా అని పిలిచాను. తిరిగి చూడకుండా, "నాకు తాకితె మందు రాసుకుంట. అంటుకు యాడ రాయాలె?" అంది. ఆ రోజు పిడికెడంత రాయి ఒకటి రేకుకు చిల్లి పెట్టి నా పక్కనే పడింది.

పేజీ ఇంగ్లీషులోనే రాశాను. తెలుగు అక్షరాలు పెడితే అవతలివాళ్ల తెరమీద డబ్బాలు కనిపించేవి ఆ రోజుల్లో. మొక్కల బొమ్మలు, సొంత బోరు ఉందన్న మాట, కిరాయి ఎంత, ఎన్ని రోజులకోసారి కుండీలు మారుస్తారు, అన్నీ పెట్టాను. ఏసీ గదిలో పదిహేను రోజులున్న మొక్కను తీసుకొచ్చి నీడలో పదిహేను రోజులు తేరుకోనిచ్చేది ఆమె. "డ్యూటీ దిగి వచ్చింది, సెలవిస్తున్న" అనేది. అది కూడా రాశాను.

చిరునామా దగ్గర ఆగిపోయాను. ఆ స్థలానికి ఇంటి నంబరు లేదు, వీధి పేరు లేదు, ఆమె చేతిలో పట్టా కాగితం కూడా లేదు. అత్తమామల నాటినుంచి సాగు చేసుకుంటున్నారు, ఊరందరికీ తెలుసు, అంతే. నాదేమో ఎనిమిదేళ్లు దస్తావేజులు రాసిన చెయ్యి. స్థలం అంటే నాలుగు హద్దులు, విస్తీర్ణం. అలా రాస్తేనే పద్ధతిగా ఉంటుందనుకున్నాను. తూర్పున బండ్ల బాట, ఉత్తరాన కాలువ, పడమర సీతాఫలం కంచె కళ్లకు కనిపిస్తున్నాయి. దక్షిణం ఎందాకా అని అడిగాను. ఆమె అంట్ల మధ్య గొంతుక్కూర్చుని ఉంది. పెరిగే మొక్కల మీదుగా వేలు చాపితే అవి మొగ్గలోనే మాడిపోతాయని ఆమె నమ్మకం. గడ్డం ఎత్తి, "అగొ, ఆ గుండు దాక" అంది.

గుండు అంటే అక్కడివాళ్లకు పెద్ద బండరాయి, అటువైపు అలాంటివి రెండున్నాయి. ఒకటి బర్రె అంత, దాని వెనక దూరంగా ఇంకొకటి ఇల్లంత. రెండూ ఒకే వరసలో. ఏ గుండు అక్కా అని ఒక్క మాట అడగాల్సింది. నేను దగ్గరిదే అనుకుని అడుగులు వేసుకుంటూ వెళ్లాను. నా అడుగు సరిగ్గా గజం. దాన్ని టేపుతో చాలాసార్లు సరిచూసుకున్నాను. ముప్పై మూడు గజాలు. వెడల్పూ ముప్పై మూడే. గుణిస్తే వెయ్యీ ఎనభై తొమ్మిది. గుంటకు నూట ఇరవై ఒక్క గజాల చొప్పున తొమ్మిది గుంటలు. ఒక్క గజం ఎక్కువ లేదు, తక్కువ లేదు. లెక్క అంత శుభ్రంగా కుదిరితే అది నిజమే అయి ఉంటుందని నాకో పిచ్చి నమ్మకం.

పేజీ అంతా తెలుగులో చెప్పుకుంటూ ఆమెకు చదివి వినిపించాను. మొక్కల దగ్గర రెండు తప్పులు పట్టుకుంది. చిరునామా దగ్గరికొచ్చేసరికి, అదంతా నేను చూసుకున్నాలే అక్కా అని దాటేశాను.

పేజీ అడుగున ఒక కౌంటరు పెట్టాను. ఎవరైనా పేజీ తెరిస్తే అంకె ఒకటి పెరుగుతుంది. మొదటి నెలలో రెండు ఆఫీసులవాళ్లు పేజీ చూశామని పిలిచి అరవై నాలుగు కుండీలు కిరాయికి తీసుకున్నారు. ఆ నెల ఆమె నా గడప దాటి లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంది. ఇంకెంతమంది చూశారని అడిగింది. నలభై ఒకటి అన్నాను. నవ్వి, పైకి చెప్పకు అంది.

మరుసటి వారం అంకె నూట అరవై అయింది. ఫోను ఒక్కటీ రాలేదు. ఆ విషయం ఆమెకు చెప్పకుండా ఉండాల్సింది. నేను లెక్క దాచలేను. ఆమె తెర వంక చూసింది.

"గేటు కాడ నిలబడి చూసి పోయెటోని మీదికి కుక్కను ఉసిగొల్పుత. గీళ్లను ఎట్ల ఎల్లగొట్టాలె పంతులూ?"

నవ్వులాటకు అందనుకున్నాను. ఆమె నవ్వడం లేదు. ఆ తర్వాత రోజూ వచ్చి అంకె అడిగేది. నేను చెప్పగానే లేచి నర్సరీకి వెళ్లిపోయేది, ఎవరో వచ్చి ఉంటారన్నట్టు. నూట తొంభై. రెండు వందల ఇరవై ఎనిమిది. పొద్దున్నే గది తెరిచి ఆ అంకె చూడాలంటే నాకూ భయంగా ఉండేది.

ఆ రోజుల్లోనే పెద్ద గుండును పేల్చేశారు. దక్షిణం వైపు భూములు ఏదో కంపెనీ కొన్నదని చెప్పుకున్నారు. రెండు రోజుల్లో రాళ్లన్నీ టిప్పర్లలో వెళ్లిపోయాయి, గుంత మిగిలింది. "మా గుండు పోయింది పంతులూ" అని ఆమె ఆ రోజంతా నిలబడే ఉంది. కాపురానికి వచ్చినప్పటినుంచి చూస్తున్న రాయి, బాధపడుతోంది అనుకున్నాను.

తర్వాత ఒక శనివారం నా గదికి ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, బూట్లు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆమె నర్సరీ పేజీ తెరవమన్నాడు. బాగా చేశారండీ అన్నాడు. రెండు కాపీలు ప్రింటు తీయమన్నాడు.

డాట్ మాట్రిక్స్ ప్రింటరు ఒక్కో వరుసా కీచుమంటూ కొడుతుంది. నేను పక్కన నిలబడి కాగితం బయటికి రావడం చూస్తున్నాను. నర్సరీ పేరు వచ్చింది. మొక్కలు వచ్చాయి. సొంత బోరు అని వచ్చింది. తర్వాత హద్దులు వచ్చాయి. అప్పుడు తట్టింది. బోరు ఆ దగ్గరి గుండుకు అవతల ఉంది. పదకొండు అడుగులు అవతల. నేను రోజూ చూసిన బోరే.

ఆయన కాగితం చింపి చదువుకుంటూ, "సొంత బోరు అని రాశారు, మీ హద్దుల్లో చూస్తే బోరు లేదు. ఏది తప్పంటారు?" అన్నాడు. ఆయన ఆరు రూపాయలు టేబులు మీద పెట్టాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"పాప రెండో తరగతి కదండీ? మావాడూ అదే బడి. సాయంత్రం నాలుగుంబావుకు వదిలినా మీ ఆవిడ రావడం ఒక్కోసారి ఆలస్యమవుతుంది. జాగ్రత్త, టిప్పర్లు తిరిగే రోడ్డు."

అంతే అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

మరునాడు నర్సరీలో పంచాయితీ పెట్టారు. బోర్లించిన కుండీల మీద కూర్చున్నారు: కంపెనీ తరఫున ఆ బూట్లాయన, ఆయన తెచ్చిన సర్వేయరు, ఊరి పెద్దమనుషులు ఇద్దరు. ఆ పెద్దమనుషులిద్దరూ అంతకు ముందే తమ భూములు అదే కంపెనీకి అమ్మేశారు. ఆమె గుంజకు ఆనుకుని ఉంది. కాగితం నా చేతికిచ్చి చదవమన్నారు. నేను రాసిన ఇంగ్లీషు నేనే చదివి తెలుగులో చెప్పాను.

పెద్దమనుషుల్లో ఒకాయన గొంతు సవరించుకుని, దక్షిణాన గుండు అని ఉంది, ఉన్నది అదొక్కటే గుండు కదా అన్నాడు.

"అది కాదు పటేలా" అంది ఆమె. "పెద్దగుండు. నీకు తెల్వదా? నీ బర్లు దాని నీడకే పండుకుంటుండె."

ఆయన తన చెప్పుల వంక చూసుకున్నాడు. రెండో ఆయన నావైపు తిరిగాడు. "పంతులూ, రాసింది నువ్వు. ఆమె నీకు చూపిచ్చిన గుండు ఏది?"

చెప్పాల్సిన మాట పెద్దదేమీ కాదు. ఆమె గడ్డం ఎత్తింది, రెండు గుండ్లున్నాయి, నేను అడగకుండా రాశాను. ఇంతే. బూట్లాయన నావైపు చూస్తూ, తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి అన్నాడు. వాచీ చూసుకున్నాడు. ఆదివారం, బడి లేదు. అయినా నాకు నాలుగుంబావే గుర్తొచ్చింది. రోడ్డు పక్కన సంచీ తగిలించుకుని నిలబడ్డ మా పాప కనిపించింది.

"ఇదేనండి" అన్నాను.

ఆమె నన్ను కోపంగా చూసి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. భయంగా చూసింది. నా కాళ్ల వంక చూసింది. నా కాళ్లకు చెప్పులే ఉన్నాయి.

"పంతులు లెక్క తప్పడు. అయిపాయె" అంది.

చీకటి పడేలోగా రాతి కడీలు పాతి ముళ్లతీగ లాగేశారు. బోరు తీగకు అవతలపడింది. ఆఫీసుల్లో ఉన్న అరవై నాలుగు కుండీలను వెనక్కి తెప్పించుకుని, ఉన్నవి ఉన్నట్టు అయినకాడికి అమ్మేసి ట్యాంకరు నీళ్లు కొంది. అప్పటికే హోళీ దాటింది. ఎండలు ముదిరాయి. గులాబీలు ముందు పోయాయి, పామ్‌లు చివర. నలభై రోజులు. నేను మొదటి వారం వెళ్లలేకపోయాను. వెళ్లిన రోజు ఆమె అంట్ల కవర్లను వరసగా సర్దుతోంది, ఎండిపోయినవాటినే.

"లెక్కపెట్టుకో పంతులూ. ఇగ ఏం తాకుతది వాటికి."

లెక్కపెట్టాను. అదే నేను మొదట రాసింది.

వానలు మొదలయ్యాక ఒకసారి నా గదికి వచ్చింది. మిగిలిన స్థలం కూడా అడిగినవాళ్లకు ఇచ్చేసి నార్సింగి దగ్గర చెల్లెలి ఇంటికి పోతున్నానంది. ఆ మిషిన్లోంచి నా పేరు తీసెయ్ అంది. పంచాయితీ రోజే తీసేశానని చెప్పాను. నమ్మలేదు. తెర తిప్పి, ఆ పేజీ తెరవబోతే ఏమీ రాకపోవడం చూపించాను.

"అంటె ఇగ ఎవలు చూడరా?"

"ఎవరూ చూడలేరు అక్కా."

స్టూలు మీద కూర్చుని నీళ్లడిగి తాగింది. బయట రోడ్డు మీద టిప్పరు వెళితే గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగింది, అది దూరం పోయాక మళ్లీ తాగింది. నేను చెప్పాలనుకున్నాను. గుండు సంగతి, ఆ శనివారం సంగతి, పాప సంగతి. మాటలు వరసలో పెట్టుకుంటున్నాను. ఈలోగా ఆమే అంది.

"నాదే తప్పు బిడ్డా. నీకు సమజ్ కాలె. ఆ దినం ఒక్కసారి ఏలు పెట్టి చూపిస్తె అయిపోతుండె. మొక్కలు పోతయని చూపియ్యకపోతి."

నేను కాదనలేదు. ఖాళీ గ్లాసు అందుకున్నాను. గొడుగు లేదు, కొంగు కప్పుకుని వానలోనే వెళ్లిపోయింది. మళ్లీ కనిపించలేదు.

ఆ గుంత పూడ్చకముందు నేనొకసారి ఎవరూ లేని వేళ చూసి వెళ్లి కొలిచాను. చిన్న గుండు నుంచి పెద్ద గుండు ఉన్న చోటుదాకా పద్దెనిమిది గజాల ఒక అడుగు. వెడల్పు ముప్పై మూడు. గుణిస్తే ఆరు వందల ఐదు గజాలు, సరిగ్గా ఐదు గుంటలు. ఇదీ ఒక్క గజం తేడా లేకుండా కుదిరింది.

మణికొండలో నాకు రెండు గదుల ఫ్లాటు ఉంది. భూమి అంటూ నాకున్నది దాని కిందిదే. దస్తావేజు ప్రకారం నేలలో నా వాటా నలభై రెండు గజాలు. నార్సింగి నుంచి వచ్చిన రోజు కాగితం తీసి ఆ నలభై రెండూ ఆమెకు జమ వేసి చూశాను. ఇంకా ఐదు వందల అరవై మూడు గజాలు బాకీ ఉన్నాను.